తెలియదనే మనిషి కావలెను

“నేరాలు రెండు రకాలు బామ్మర్దీ. నేను ఛేదించినవి, నా దాకా రానివి. మూడో రకం ఇంకా పుట్టలేదు.”

ఉదయం తొమ్మిదింటికి కళ్లజోళ్ల కొట్టు షట్టరు సగం లేపి, ఆ సగంలోంచి ఒంగి బయటికి వస్తూ బావగారు చేసిన ప్రకటన ఇది. ప్రకటన పూర్తవుతూనే గర్వంగా తల పైకెత్తడంతో షట్టరు అంచు నెత్తిన ఠంగుమని తగిలింది. బావగారు నెత్తి రుద్దుకుంటూ వీధికి అటూ ఇటూ చూసి, “శత్రువులు పని మొదలుపెట్టారు” అన్నారు.

బామ్మర్ది తలూపాడు. అతను మున్సిపల్ ఆఫీసులో పారిశుద్ధ్య విభాగం గుమస్తా. అక్కను ఈయనకిచ్చి పదకొండేళ్లయింది. ఈ పదకొండేళ్లలో బావగారి తెలివికి అడ్డుపడి బాగుపడినవాణ్ణి అతను ఒక్కణ్ణీ చూడలేదు.

బావగారి వృత్తి జనానికి కళ్లజోళ్లు అమ్మడం. ప్రవృత్తి, ఆ జోళ్లు పెట్టుకున్నా కనపడని నేరాలను కనిపెట్టడం. కొట్టు బోర్డు కింద ‘డేగకన్ను, అపరాధ పరిశోధకుడు, లోపల సంప్రదించండి’ అని తన చేత్తోనే రాసుకున్నారు. ఆయన చరిత్రలో ఇప్పటికి రెండు మహా కేసులున్నాయి. మొదటిది మాయమైన చెప్పు కేసు. మూడు రోజులు వీధంతా విచారించాక చెప్పు ఆయన కాలికే దొరికింది. రెండోది ఖాళీ అయిన పాలగిన్నె కేసు. అందులో అనుమానితురాలు అత్తగారు. ఆవిడ వాంగ్మూలం రాసుకుంటున్నంతసేపూ పిల్లి ఆయన ఒళ్లోనే కూర్చుని మూతి నాక్కుంటూ ఉంది. అత్తగారంటే గుమస్తాకు కన్నతల్లి. ఆవిడ మళ్లీ ఆర్నెల్లదాకా కూతురింటి గడప తొక్కలేదు.

“సముద్రం ఒడ్డున శవం” అన్నారు బావగారు గొంతు తగ్గించి. “మూడు రోజులైంది. నాకు కబురు లేదు. మీ ఆఫీసు ఏం దాస్తోంది?”

“మనిషి శవం కాదు బావగారూ. ఏదో జంతువు.”

“ఏ జంతువు?”

“అదే తెలియదు.”

“చూశావా. హంతకుడు ముందుగా పేరు మాయం చేశాడు. ఇది అల్లాటప్పా బుర్ర కాదు.”

గుమస్తాకు ఏడుపొక్కటే తక్కువ. ఎందుకంటే ఆ జంతువు పేరు మీదే అతని బతుకు వేలాడుతోంది.

మూడు రోజుల కిందట పొద్దున్నే అలలు దాన్ని తెచ్చి ఒడ్డున పడేసి తమ దారిన తాము పోయాయి. మనిషి నిలువుకంటే కాస్త ఎక్కువ పొడవు. సగం ఇసుకలో కూరుకుపోయి ఉంది. పైన నల్లటి తోలు, అక్కడక్కడా పిగిలిపోయిన చోట గోధుమరంగు జుట్టు గుత్తులు గుత్తులుగా వేలాడుతోంది. ఒళ్లంతా గవ్వలూ నాచూ పట్టేశాయి. ఒక పొట్టి కాలు మాత్రం ఆకాశం కేసి లేచి ఉంది. తల ఎటో తోక ఎటో చెప్పగలిగినవాడు లేడు. కంపు మాత్రం బస్సుల స్టాండు దాకా కొడుతోంది.

కంపు కొట్టేదాన్ని తీసి పారెయ్యడానికి ఏం కష్టమని మీరడగొచ్చు. ఆఫీసుల్లో పనిచేసినవాళ్లు అడగరు. చచ్చిన జంతువును కదిలించాలంటే ‘కళేబరాల తొలగింపు పత్రం’ నింపాలి. అందులో నాలుగో గడి జంతువు పేరు. కుక్కా పిల్లీ అయితే పారిశుద్ధ్యంవాళ్లు తియ్యాలి. గొడ్డూ గోదా అయితే పశువుల ఆసుపత్రి. నీళ్లలో పుట్టిందైతే మత్స్యశాఖ. పేరు తెలిసేదాకా ముగ్గురిలో ఎవరూ ముట్టుకోకూడదు. ముట్టుకోకుండా పేరు తెలియదు. అందుకని దాని చుట్టూ నాలుగు కర్రలు పాతి తాడు కట్టి, ‘గుర్తించువరకు ఎవరూ దరి చేరరాదు’ అని అట్ట వేలాడదీశారు. అది రాసింది గుమస్తాయే. చక్కని దస్తూరీ అతనిది.

ఇలాంటి చిక్కు వస్తుందని ఆ పత్రం తయారుచేసిన మహానుభావుడికి తెలుసు కాబోలు, వెనకవైపు పదకొండో నిబంధన పెట్టాడు. ఆఫీసుతో సంబంధం లేని మనిషి ఒకడు కళేబరాన్ని స్వయంగా తాకి చూసి, ‘ఇదేమిటో నాకు తెలియలేదు’ అని సంతకం పెడితే చాలు. అప్పుడది పేరులేని చెత్త కింద లెక్క. పారిశుద్ధ్యంవాళ్లు బండి తెచ్చి ఎత్తుకుపోవచ్చు.

ఇంత చిన్న సంతకమా అని గుమస్తా సంబరపడ్డాడు. రెండు రోజులు ఊరంతా తిరిగాడు. తెలియనివాడు ఒక్కడూ దొరకలేదు.

బెలూన్లవాడికి తెలుసు, అది ఏనుగుచేప. మంగలికి తెలుసు, ఓడలోంచి జారిపడ్డ ఎలుగుబంటి. రిటైరైన హెడ్మాస్టరుగారికి అందరికంటే ఎక్కువ తెలుసు, మనుషులు పుట్టకముందు తిరిగిన పెద్దబల్లి, మంచులో నిల్వ ఉండి ఇప్పుడు కరిగింది. అసలు ఇల్లు కదలని ఒక ముసలమ్మ దగ్గరికెళ్లి, “అవ్వా, మీరు చూడనేలేదు కదా, మీకు తెలియదు కదా” అని ఆశగా అడిగితే, “చూడ్డమెందుకు నాయనా, అది నీటిగుర్రం. మా ఆయన చెబుతుండేవాడు” అంది. పైగా తెలిసినవాళ్లలో ఒక్కడూ దాన్ని ముట్టుకోనంటాడు.

నిన్న సాయంత్రం ఆఫీసరుగారు గుమస్తాను పిలిచారు.

“నువ్వు తాత్కాలికం మీద చేరి ఎన్నాళ్లయింది?”

“తొమ్మిదేళ్లండి.”

“నీ పర్మినెంటు కాగితం నా బల్ల మీదుంది. రేపు ఐదింటి టపాలో పైకి పోవాలి. ఆ కంపు వ్యవహారం తేల్చి పత్రం తెస్తే సంతకం పెడతాను. తేల్చలేకపోతే, ‘ఇతనికి పని చేతకాదు’ అని రాసి పంపిస్తాను. నాకూ పైనుంచి చీవాట్లు పడుతున్నాయి.”

తొమ్మిదేళ్లుగా అతను ప్రతి ఆర్నెల్లకూ ఉద్యోగం పోయి మళ్లీ వచ్చినవాడు. అద్దె ఇల్లు అడిగితే “పర్మినెంటేనా?” అంటారు. పెళ్లి సంబంధం వస్తే “పర్మినెంటయ్యాక చూద్దాం” అంటారు. ఇవాళ ఆ రేపు వచ్చేసింది. అందుకే అతను కొట్టు ముందు నిలబడ్డాడు. బావగారి నోట ‘తెలియదు’ అన్న మాట వస్తుందని కాదు, అంత వెర్రి ఆశ అతనికి లేదు. చుట్టుపక్కల వీధుల్లో ఎవరైనా తెలియనివాడు ఉంటే చూపించమని అడుగుదామని వచ్చాడు. అడిగేలోపే బావగారు కేసు తీసేసుకున్నారు.

“సంచీ తీసుకో. టేపు, దారం, భూతద్దం, ట్రయల్ ఫ్రేము. పద.”

పక్కనే ఉన్న ఇంటి గుమ్మంలోంచి అక్క వచ్చింది. చేతులకు తడి ఇంకా ఆరలేదు. మొగుడి కేసి కాసేపు చూసి, చాలా నెమ్మదిగా అంది.

“ఏమండీ, మీరు చెప్పులు వెతుక్కున్నారు, పిల్లిని వదిలేసి మా అమ్మను పట్టుకున్నారు, నేను ఊరుకున్నాను. ఇది వాడి ఉద్యోగం. దీని మీద మాత్రం మీ తెలివి చూపించకండి.”

“నా తెలివి వాడికి కాపలా” అన్నారు బావగారు.

“అదే నా భయం” అంది అక్క. తమ్ముడి వైపు తిరిగి, “ఒరేయ్, ఆయన్ని నీళ్ల దగ్గరికి పోనివ్వకు. ఈత రాదు. వచ్చనుకుంటారు” అంది.

ఒడ్డుకు చేరేసరికి పదకొండు. జనం తిరనాళ్లలా పోగయి ఉన్నారు. అందరి ముక్కులకూ రుమాళ్లు, పైన మాత్రం మెరిసే కళ్లు. తాడుకు తూర్పువైపు ఒక గొడుగు కింద పశువుల డాక్టరు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పడమటి వైపు గొడుగు కింద మత్స్యశాఖ ఇన్‌స్పెక్టరు. ఇద్దరూ మూడు రోజులుగా అలాగే కూర్చుని, ఆ చచ్చినదాన్ని ఒకరి మీదికి ఒకరు నెట్టుకుంటున్నారు.

“జుట్టుంది కాబట్టి చేప కాదు. మీదే” అంటాడు ఇన్‌స్పెక్టరు.

“గవ్వలున్నాయి కాబట్టి గొడ్డు కాదు. మీదే” అంటాడు డాక్టరు.

బావగారు మధ్యలో నిలబడి రెండు చేతులూ పైకెత్తారు. “జరగండి. ఎవరూ ఊపిరి కూడా పీల్చకండి. సాక్ష్యాలు చెదిరిపోతాయి.”

ఊపిరి పీల్చకూడదన్నది అప్పటికే అందరూ పాటిస్తున్న నియమం కావడంతో ఎవరూ ఎదురుచెప్పలేదు.

బావగారు ముందు దారం ఒకటి గాల్లో వేలాడదీసి గాలి ఎటు వీస్తోందో చూశారు. గాలి ఆయన వైపే వీచింది. కాసేపు దగ్గి, ఇసుకలో మోకాళ్ల మీద కూలబడి పాదముద్రలు కొలవడం మొదలుపెట్టారు.

“బామ్మర్దీ, రాసుకో. హంతకుడి పాదం తొమ్మిది అంగుళాలు. కుడికాలు కొంచెం ఈడుస్తాడు. చెప్పు మడమ లోపలివైపు అరిగింది. మనిషి తెలివైనవాడు, కానీ భార్యంటే భయం.”

“బావగారూ, అవి మీ అడుగులే.”

“కావచ్చు” అన్నారు బావగారు ఏమాత్రం తొణక్కుండా. “నాకు పోటీ వచ్చేవాడు నా అడుగుల్లోనే నడుస్తాడు. అది కొట్టెయ్యకు.”

తర్వాత సాక్షుల విచారణ. బెలూన్లవాణ్ణి పిలిచి ముఖంలో ముఖం పెట్టి, “శవం కనపడ్డ పొద్దున నువ్వెక్కడున్నావ్?” అన్నారు.

“ఇక్కడేనండి. బెలూన్లు ఊదుతున్నాను.”

“ఎన్ని?”

“ఒక యాభై ఉంటాయండి.”

“అంత గాలి నీకెక్కడిది? ఎవరిచ్చారు?”

బెలూన్లవాడు గుమస్తా కేసి జాలిగా చూశాడు. గుమస్తా ఇసుక కేసి చూశాడు.

హెడ్మాస్టరుగారు వచ్చి పెద్దబల్లుల గురించి ఎవరూ అడగని పాఠం ఎత్తుకున్నారు. బావగారు ఆయనకు అడ్డు తగిలి, “బల్లి అయితే తోక ఏదండీ?” అన్నారు. “బల్లి భయపడితే తోక వదిలేస్తుంది, నాలుగో క్లాసు పాఠం” అన్నారు హెడ్మాస్టరు. “అంటే దీన్ని ఎవరో భయపెట్టారు” అని బావగారు గుమస్తా చేత రాయించారు. అలా రెండు గంటలయింది, మూడయింది. పుస్తకంలో అనుమానితులు ఇరవై ముగ్గురయ్యారు. అందులో పశువుల డాక్టరు, ఆయన గొడుగు విడివిడిగా ఉన్నారు.

గుమస్తా ఈలోపు ప్రతి కొత్త ముఖం దగ్గరికీ పరుగెత్తుతూనే ఉన్నాడు. “అన్నా, మీకు ఇదేమిటో తెలియదు కదా?” అనడం, “ఎందుకు తెలియదు?” అని వాళ్లు రోషపడడం. మూడున్నరకు అతని గొంతు తడారిపోయింది. తాడు పక్కన ఇసుకలో కూర్చుని, చేతిలో పత్రం మడత మీద మడత పెట్టుకుంటూ, ఇంకో గంటన్నరలో మళ్లీ తాత్కాలికం అయిపోతానని లెక్క వేసుకున్నాడు. కాదు, తాత్కాలికం కూడా పోతుంది. చేతకాదని రాశాక ఎవడు ఉంచుకుంటాడు?

బావగారు అతని వైపు ఒకసారి చూశారు. ఎప్పుడూ లేనిది ఏమీ అనకుండా సంచీలోంచి ట్రయల్ ఫ్రేము తీశారు. కంటి పరీక్షప్పుడు ముక్కు మీద పెట్టే గుండ్రటి ఇనుప చట్రం అది. దానిలో ఒక దాని మీద ఒకటి అద్దాలు దిగేసుకోవచ్చు. పరీక్షకు వచ్చినవాళ్లకు ఒక్కోటే వేస్తారు. బావగారు ఉన్న అద్దాలన్నీ ఒకేసారి వేసేశారు.

“ఒక అద్దం కంటే ఆరు అద్దాలు ఆరింతలు చూపిస్తాయి” అన్నారు. “ఇది నా రహస్యం. డాక్టర్లకు చెప్పకు.”

“బావగారూ, అన్నేసి పెట్టుకుంటే ఏమీ కనపడదు. మీ కొట్టులో మీరే చెబుతారు కదా.”

“కస్టమర్లకు చెబుతాను. ఇప్పుడు చూడు, శవం ఎంత దూరంగా ఉందో.”

శవం ఆయన కాలికి జానెడు దూరంలో ఉంది. మధ్యలో తాడుంది. బావగారు హుందాగా ఒక అడుగు ముందుకేశారు. తాడు మోకాలికి తగిలింది. నాలుగు కర్రలూ ఊడొచ్చాయి. బావగారు చేతులు బార్లా చాపి, తల ముందూ కాళ్లు వెనకా, ఊరంతా మూడు రోజులుగా ముట్టుకోని ఆ మహా కళేబరం మీద నిండుగా బోర్లా పడ్డారు.

అది కీచుమంది. కీచుమని ఆయన్ని మూడడుగులు పైకి ఎగరేసింది.

బావగారు కిందికి దిగారు. అది మళ్లీ కీచుమని ఎగరేసింది. ఈసారి గాల్లో ఒక పక్కకు తిరిగి వీపు మీద దిగారు. మళ్లీ పైకి లేచారు. మూడోసారి ఎగిరే సమయానికి ఒడ్డున జనం లేరు. బతికే ఉందన్న కేక ఒక్కటి వినపడింది, అంతే, బెలూన్లు ఆకాశంలోకీ బెలూన్లవాడు రోడ్డు మీదికీ పోయారు. పశువుల డాక్టరూ ఇన్‌స్పెక్టరూ, అంతసేపు పోట్లాడుకున్న మనుషులు, ఒకే గొడుగు కింద చెయ్యీ చెయ్యీ పట్టుకుని పరుగెత్తారు.

గుమస్తా మాత్రం ఎదురు పరుగెత్తాడు. ఆ క్షణంలో అతనికి ఉద్యోగం గుర్తులేదు. అక్క మొహం గుర్తొచ్చింది. ఎంత చెడ్డా ఈయన బావ. ఒక్క గెంతులో పక్కకు చేరి, బావగారి నడుము పట్టుకుని బలంకొద్దీ లాగాడు. బావగారు ఏదో ఆధారం కోసం ఆ నల్లటి తోలు గట్టిగా పట్టుకున్నారు. తోలు పర్రున చిరిగి, ఇద్దరూ దానితో సహా ఇసుకలో పడ్డారు.

చిరిగిన చోట రక్తం లేదు, మాంసం లేదు. గుండ్రంగా చుట్టుకున్న ఇనుప స్ప్రింగులు వరసగా నిలబడి ఉన్నాయి. వాటి మధ్య ఇరుక్కున్న చచ్చిన చేపలు పది పన్నెండు కుళ్లి ఉన్నాయి. కంపు వాటిదే. జుట్టంటారా, కొబ్బరి పీచు. స్ప్రింగుల కింద చెక్క మీద తెల్లరంగుతో రాసి ఉంది: ‘పారిశుద్ధ్య విభాగం. సోఫా. 14.’

గుమస్తా ఆ అక్షరాలకేసి చూస్తూ అలాగే ఉండిపోయాడు. చక్కని దస్తూరీ. అతనిదే.

బావగారు ట్రయల్ ఫ్రేము తీసి పక్కన పెట్టారు. చెక్క చదివారు. మళ్లీ చదివారు. ఆయన ముఖంలో మెల్లగా ఒక వెలుగు వచ్చింది. పదకొండేళ్లలో మొదటిసారి ఆయన నిజంగా ఒక కేసు ఛేదించారు. ఏ చెప్పూ కాదు, ఏ పిల్లీ కాదు. ఊరు ఊరంతా, ఇద్దరు ఆఫీసర్లు, ఒక హెడ్మాస్టరు కనిపెట్టలేని రహస్యం.

“పిలు” అన్నారు. “అందర్నీ వెనక్కి పిలు. నేను చెబుతాను.”

“బావగారూ, ఆగండి. చెప్పకండి.”

“ఎందుకు చెప్పను?”

గుమస్తా ఆయన చెయ్యి పట్టుకుని గబగబా చెప్పేశాడు. రెండేళ్ల కిందట ఆఫీసరుగారి గదిలో సోఫాకు నల్లులు పట్టాయి. తిరిగి వచ్చేసరికి కంటికి కనపడకూడదని, తగలెయ్యమని చెప్పి ఆఫీసరుగారు సెలవు మీద వెళ్లారు. బండివాళ్లు తగలెయ్యకుండా రేవు చివరినుంచి సముద్రంలోకి దొర్లించారు. ఆఫీసు సొత్తు అలా పారెయ్యకూడదు. అందుకని సామాన్ల జాబితాలో ఏటా ‘సోఫా ఒకటి, ఉన్నది, బాగున్నది’ అని రాస్తున్నారు. ఆఫీసరుగారు చెబుతారు, రాసేది గుమస్తా. సంతకం కూడా గుమస్తాదే.

“ఇది సోఫా అని బయటపడితే విచారణ వేస్తారు బావగారూ. ఆఫీసరుగారు తప్పించుకుంటారు. తాత్కాలికంవాణ్ణి తీసెయ్యడానికి ఒక పూట చాలు. నన్నే తీసేస్తారు.”

బావగారు మళ్లీ చెక్క కేసి చూశారు. దూరంగా జనం ఒక్కొక్కరే మళ్లీ పోగవుతున్నారు. ఇంతలో రోడ్డు మీద జీపు ఆగింది. ఆఫీసరుగారు దిగారు. చేతిలో కాగితాల అట్ట, రెండో చేత్తో ముక్కు మీద రుమాలు. నాలుగూ నలభై.

ఆఫీసరుగారు దగ్గరికి వచ్చి తోలు చిరిగిన చోట ఒంగి చూశారు. రుమాలు చేతిలోంచి జారిపోయింది. చుట్టూ చూసి, చిరిగిన తోలు బూటుకాలితో పైకి నెట్టి, నాలుగుసార్లు ఇసుక ఎగదోసి స్ప్రింగులూ చెక్కా కప్పేశారు. తర్వాత గొంతు సవరించుకుని, జనమంతా వినేలా, “దీన్ని బయటి మనిషి ఎవరైనా తాకారా?” అన్నారు.

“మా బావగారండి” అన్నాడు గుమస్తా.

అందరూ బావగారి కేసి తిరిగారు. డాక్టరు, ఇన్‌స్పెక్టరు, బెలూన్లు లేని బెలూన్లవాడు, చొక్కా నిండా ఇసుకతో హెడ్మాస్టరు. ఇంత జనం ఆయన నోట మాట కోసం ఇంత నిశ్శబ్దంగా ఎదురుచూడడం ఆయన జన్మలో లేదు.

“తాకడమేమిటండీ, మూడుసార్లు ఎగిరాడు” అన్నారు హెడ్మాస్టరు. “ఏం డేగకన్నూ, తేలిందా?”

బావగారు ఛాతీ విరిచారు. ఒక అడుగు ముందుకు వేశారు. గుమస్తా కళ్లు మూసుకున్నాడు. ఈయన్ని ఆపడం ఎవరివల్లా కాదని అతనికి తెలుసు. పిల్లనిచ్చిన అత్తగారినే వదల్లేదు ఈయన.

“ప్రజలారా” అన్నారు బావగారు. “మూడు రోజులుగా మీరందరూ ఒక ప్రశ్నతో సతమతమవుతున్నారు. దానికి జవాబు ఈ లోకంలో ఒకే ఒక్కడు చెప్పగలడు.”

అక్కడ ఆగారు. గుమస్తా కళ్లు తెరిచి చూస్తే బావగారు తన వైపే చూస్తున్నారు. ఆ చూపులో గొప్ప ఏమీ లేదు. నోరు తెరిచారు, మూశారు, మళ్లీ తెరిచారు.

“ఆ ఒక్కడు నేను కాదు” అన్నారు. “నాకు తెలియలేదు.”

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత ఒడ్డంతా ఒక్కటే నవ్వు.

“కొండను తవ్వాడయ్యా, ఎలుక కూడా దొరకలేదు” అన్నాడు మంగలి.

“తెలియనివాడివి పొద్దుట్నుంచీ మమ్మల్నెందుకు చంపావు?” అన్నాడు బెలూన్లవాడు.

“నేను మొదట్నుంచీ చెబుతున్నాను, బల్లి” అన్నారు హెడ్మాస్టరు.

గుమస్తా పత్రం మడతలు విప్పి చాపాడు. బావగారు దాన్ని అతని వీపు మీదే ఆనించి, ‘ఇదేమిటో నాకు తెలియలేదు’ అని రాశారు. రాయడానికి చాలాసేపు పట్టింది. కలం నొక్కుడు గుమస్తా వీపుకు అక్షరం అక్షరం తెలిసింది. ఆఫీసరుగారు పత్రం చూసుకుని, బావగారికి రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టారు. అదెందుకో జనానికి అర్థంకాలేదు. జీపు బానెట్టు మీద అట్ట పెట్టి పర్మినెంటు కాగితం మీద సంతకం చేసి, జీపును నేరుగా టపా కచేరీకి తోలించారు. బండివాళ్లు వచ్చి పేరులేని చెత్తను ఎత్తి, పైన గోనెపట్టాలు కప్పి తీసుకుపోయారు. ఈసారి తగలెయ్యమని ఆఫీసరుగారు దగ్గరుండి మరీ చెప్పారు.

ఇద్దరూ రోడ్డెక్కేసరికి జనం ఇంకా నవ్వుతూనే ఉన్నారు. వెనకనుంచి ఎవరో, “ఓ తెలియనాయనా” అని పిలిచారు. రేపటికి ఆ పేరు కొట్టు దాకా వస్తుంది, ఎల్లుండికి బోర్డు మీద ఎవరో బొగ్గుతో రాస్తారు, అది గుమస్తాకు తెలుసు. బావగారికీ తెలుసు. ఆయన చొక్కా జేబు చిరిగింది, నెత్తిన నాచు ఇంకా వేలాడుతోంది. తల మాత్రం ఎత్తడం లేదు.

గుమస్తాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తొమ్మిదేళ్ల బరువు దిగిన సంతోషం ఒకవైపు, ఈ మనిషిని ఇన్నాళ్లూ తాను కూడా మనసులో నవ్వుకున్నానన్న సిగ్గు ఒకవైపు. తిరిగి వెళ్లి ఆ జనం అందరికీ వినపడేలా నిజం చెప్పెయ్యాలనిపించింది.

“బావగారూ…” అన్నాడు.

బావగారు ఆగలేదు. అతని మోచెయ్యి గట్టిగా పట్టుకుని ఇంకా జోరుగా నడిచారు.

“నన్ను మాట్లాడించకు బామ్మర్దీ. నోరు విప్పితే చెప్పేస్తాను.”

అలా చెయ్యి వదలకుండా, పెదాలు బిగబట్టుకుని, ఇల్లు చేరేదాకా ఇద్దరూ ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు.